ఒబిక్వెలు మోకాలి ఆపరేషన్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ప్రపంచ అథ్లెటిక్స్ సంఘానికి బహిరంగ లేఖ

ప్రపంచ అథ్లెటిక్స్ అధ్యక్షులు సెబాస్టియన్ కో గారికి, దేశం మారే అథ్లెట్ల దరఖాస్తులు పరిశీలించే సమీక్షా ప్యానెల్ సభ్యులకు,

నమస్కారం.

ఒక అథ్లెట్ దేశం మారతానని దరఖాస్తు పెట్టుకుంటే మీరు కొత్త దేశాన్ని నిలదీస్తారు. పౌరసత్వం నిజంగా ఇచ్చారా, దానితో వచ్చే హక్కులన్నీ ఇచ్చారా అని అడుగుతారు. అథ్లెట్‌కి 20 ఏళ్లు నిండాయా, ఇంతకు ముందు ఒకసారి మారాడా అని చూస్తారు, మూడేళ్లు ఆగమంటారు. 2017 ఫిబ్రవరిలో దేశ మార్పిడులన్నీ ఆపేసి, 2018 జులైలో మీరు తెచ్చిన కొత్త నిబంధనల సారం ఇదే. అప్పటికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది కాబట్టి ఆ పని చేసినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. నా ఫిర్యాదల్లా ఒకటే. ఆ అథ్లెట్ వదిలేసి వచ్చిన దేశం అతనికి ఏం చేసింది, ఏం చేయలేదు అన్న ప్రశ్న ఆ నిబంధనల్లో ఎక్కడా కనిపించదు.

ఈ సంగతి చెప్పడానికి నైజీరియాలో పుట్టి పోర్చుగల్‌కి మారిన 100, 200 మీటర్ల స్ప్రింటర్ ఫ్రాన్సిస్ ఒబిక్వెలు కథ తీసుకుంటాను. మీకు తెలియని కథ కాదు, కానీ తెలుగులో దీన్ని వివరంగా రాసినవాళ్లు తక్కువ. మా పాఠకులు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

నైజీరియాలో నైజర్ నది ఒడ్డున ఒనిట్షా అనే ఊరుంది. ఒబిక్వెలు 1978లో అక్కడ పుట్టాడు. 1994లో జూనియర్ ప్రపంచ పోటీల కోసం నైజీరియా జట్టుతో లిస్బన్ వచ్చాడు. అప్పటికి పదిహేనేళ్లు. పోటీలు అయిపోయాక జట్టు విమానం ఎక్కింది, ఇతను ఎక్కలేదు. చేతిలో డబ్బుల్లేవు, పోర్చుగీసు ముక్క రాదు. క్లబ్బుల చుట్టూ తిరిగితే వెంటనే ఎవరూ చేర్చుకోలేదు. దక్షిణాన అల్గార్వె అనే సముద్రతీర ప్రాంతం ఉంది, యూరప్ టూరిస్టుల కోసం హోటళ్లు, విల్లాలు లేస్తూ ఉండే చోటు. అక్కడికి పోయి బిల్డింగ్ పనుల్లో కూలీగా చేరాడు. పదేళ్ల తర్వాత ఒలింపిక్స్ పతకం గెలవబోయే కాళ్లవి. అప్పట్లో పొద్దంతా సిమెంటు, ఇసుక మధ్య తిరిగేవి.

అతన్ని ఆ పనిలోంచి బయటికి తెచ్చింది ఏ సమాఖ్యో, ఏ ప్రభుత్వమో కాదు. పోర్చుగీసు నేర్చుకోవడానికి వెళ్తే, పాఠం చెప్పిన టీచరుగారే లిస్బన్‌లోని బెలెనెన్సెస్ క్లబ్బుకి దారి చూపించారు. ఆవిడ తనకు తల్లి లాంటిదని అతను తర్వాత చెప్పుకున్నాడు.

ఒక విషయం గమనించండి. పోర్చుగల్‌లో ఉంటూ, అక్కడే సాధన చేస్తూ కూడా అతను పరుగెత్తింది నైజీరియా కోసమే. 1996లో సిడ్నీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో 100 మీటర్లు, 200 మీటర్లు రెండూ నైజీరియాకి గెలిచిపెట్టాడు. 1997లో ఏథెన్స్ ప్రపంచ పోటీల్లో 4x100 రిలేలో వెండి తెచ్చిన జట్టులో ఉన్నాడు. 1999లో సెవిల్‌లో 200 మీటర్ల సెమీఫైనల్ 19.84 సెకన్లలో పరుగెత్తాడు. ఆ తర్వాత ఫైనల్లో అమెరికాకి చెందిన మారిస్ గ్రీన్ 19.90కే బంగారం పట్టుకుపోయాడంటే ఆ పరుగు ఏ పాటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫైనల్లో ఒబిక్వెలుకి కాంస్యం దక్కింది. ఐదేళ్లు పోర్చుగల్ గాలి పీల్చినవాడు పతకాలన్నీ నైజీరియా ఖాతాలోనే వేశాడు. దేశం మారాలన్న తొందర అతనిలో ఎక్కడా కనపడదు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్ వచ్చాయి. మోకాలు దెబ్బతింది. నైజీరియా అధికారులు తనని పట్టించుకోలేదని, చివరికి కెనడాలో ఆపరేషన్ సొంత డబ్బుతో చేయించుకున్నానని అతనే చెప్పాడు. మరుసటి ఏడాది 2001 అక్టోబర్‌లో పోర్చుగల్ పౌరసత్వం తీసుకున్నాడు.

స్ప్రింటర్‌కి మోకాలే జీతం, అదే ప్రావిడెంట్ ఫండు. అది పోతే మిగతా జీవితం అంతా బిల్డింగ్ పనే అని అతనికి అనుభవం మీద తెలుసు. ఆ మోకాలికి బిల్లు కట్టని దేశం, పతకం వచ్చాక ‘మా వాడు’ అనడానికి ఏ హక్కుతో వస్తుంది? మన పల్లెల్లో పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. పొగ పెట్టినవాళ్లని ఎవరూ అడగరు, కళ్లు నలుపుకుంటూ బయటికొచ్చినవాడినే ఎందుకొచ్చావని అడుగుతారు. మీ ప్యానెల్ ఇప్పుడు చేస్తున్నది కూడా అదే.

ఇది ఒక్క ఒబిక్వెలు గొడవైతే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అదే సిడ్నీ ఒలింపిక్స్ నుంచి ఇంకో ఇద్దరిని చూడండి.

గ్లోరీ అలోజీ కూడా నైజీరియా అమ్మాయే, 100 మీటర్ల హర్డిల్స్. ఆమెకు కాబోయే భర్త హైజినస్ అనుగో నైజీరియా 4x400 మీటర్ల రిలే రన్నరు. ఒలింపిక్స్‌కి ముందు సిడ్నీ రోడ్డు మీద కారు ఢీకొట్టి అతను చనిపోయాడు. ఆ దుఃఖంలోనే ట్రాక్ ఎక్కి ఆమె నైజీరియాకి వెండి పతకం గెలిచింది. మరుసటి ఏడాది స్పెయిన్ పౌరసత్వం తీసుకుంది.

మూడో మనిషి జమైకా స్ప్రింటర్ మెర్లిన్ ఓటీ. ఆమె గురించి కో గారికి వేరే చెప్పాలా? 1980 మాస్కోలో మీరు 1500 మీటర్ల బంగారం గెలిచిన ఒలింపిక్స్‌లోనే 20 ఏళ్ల ఓటీ 200 మీటర్లలో కాంస్యం గెలిచింది. జమైకా మహిళకి దక్కిన మొదటి ఒలింపిక్ పతకం అది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు జమైకా కోసం పరుగెత్తుతూనే ఉంది. 1993లో స్టుట్‌గార్ట్ ప్రపంచ పోటీల 100 మీటర్ల ఫైనల్లో అమెరికాకి చెందిన గెయిల్ డెవర్స్‌తో సమానంగా 10.82 సెకన్లు, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో మళ్లీ ఆమెతోనే సమానంగా 10.94. రెండుసార్లూ ఫోటో చూసి వెండి చేతిలో పెట్టారు. 1999లో నాండ్రోలోన్ అనే నిషేధిత మందు పరీక్షలో పట్టుబడిందన్నారు, 2000లో క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు ఆమె మీద నిషేధం ఎత్తేసింది. సిడ్నీకి ముందు జమైకా ట్రయల్స్‌లో, అంటే జట్టు ఎంపిక పోటీల్లో, నాలుగో స్థానంలో వచ్చింది. అయినా 100 మీటర్లలో ట్రయల్స్ గెలిచిన అమ్మాయిని పక్కనపెట్టి ఓటీని దింపారు. సొంత జట్టువాళ్లే ఒలింపిక్ గ్రామంలో నిరసనకు దిగారు. న్యాయంగా చెప్పాలంటే ఆ కోపంలో అర్థం లేకపోలేదు, ట్రయల్స్ గెలిచిన పిల్ల ఏం పాపం చేసింది? కానీ ఆ తలనొప్పి తెచ్చింది సమాఖ్య. తిట్లు తిన్నది నలభై ఏళ్ల ఓటీ. ఆమె అక్కడ కూడా రిలేలో వెండి తెచ్చింది. 100 మీటర్లలో నాలుగో స్థానం వచ్చింది, గెలిచిన అమెరికా రన్నర్ మేరియన్ జోన్స్ పతకం డోపింగ్ వల్ల రద్దయ్యాక అది కాంస్యమైంది. మొత్తం తొమ్మిది ఒలింపిక్ పతకాలు.

2002లో స్లొవేనియా పౌరురాలైంది. 2004 ఏథెన్స్‌లో 44 ఏళ్ల వయసులో స్లొవేనియా తరఫున 100 మీటర్ల సెమీఫైనల్‌కి వెళ్లింది. 2012లో హెల్సింకీ యూరోపియన్ పోటీల్లో 52 ఏళ్లకి రిలే పరుగెత్తింది. మరి జమైకా ఏం చేసింది? ఆమె వెళ్లిపోయిన తర్వాత, 2005లో కింగ్‌స్టన్‌లో కంచు విగ్రహం పెట్టింది. వెళ్లేముందు ఇవ్వని గౌరవం వెళ్లాక ఇవ్వడం మన దేశానికీ కొత్త కాదులెండి.

ఒక్క ఒలింపిక్స్ తర్వాత రెండేళ్లలో ముగ్గురు. ముగ్గురూ అంతకుముందు ఏళ్ల తరబడి సొంత జెండాకే పతకాలు తెచ్చినవాళ్లు. ముగ్గురి కారణాలూ ఒకటే అని నేను అనను, అలోజీ మనసులో ఏముందో నాకు తెలియదు కూడా. కానీ ఆనాడు ఎవరైనా లాగోస్‌కీ, కింగ్‌స్టన్‌కీ ఒక ఉత్తరం రాసి ‘మీ పిల్లలు ఎందుకు వెళ్లిపోతున్నారు’ అని అధికారికంగా అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు ఒబిక్వెలు దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలు పరుగు ఇంకా మిగిలే ఉంది.

2002లో మ్యూనిక్ యూరోపియన్ పోటీల్లో 100 మీటర్లలో బ్రిటన్‌కి చెందిన డ్వేన్ చేంబర్స్ వెనక రెండో స్థానం, 200లో కూడా వెండి. చేంబర్స్ ఆ తర్వాత డోపింగ్‌లో దొరికిపోయి ఆ ఫలితం రద్దయితే, 100 మీటర్ల బంగారం ఒబిక్వెలుకి వచ్చింది. వేదిక ఎక్కి దేశం పాట వినాల్సిన బంగారం, కాగితం మీద చేతికొచ్చింది.

2004 ఆగస్టు 22, ఏథెన్స్ ఒలింపిక్స్, 100 మీటర్ల ఫైనల్. మా దగ్గర అర్ధరాత్రి దాటింది. ఒబిక్వెలు ఎప్పుడూ స్టార్ట్‌లో వెనకబడే మనిషి, ఆ రోజూ అంతే. సగం దూరం అయ్యేసరికి పతకం గురించి మాట్లాడేవాళ్లు అతని పేరు ఎత్తరు. ఆ తర్వాత పొడవాటి కాళ్లు సాగడం మొదలవుతుంది, ఒక్కొక్కడినీ దాటుకుంటూ వచ్చి చివర్లో ఛాతీ ముందుకు వంచేస్తాడు. అమెరికాకి చెందిన జస్టిన్ గాట్లిన్ 9.85, ఒబిక్వెలు 9.86, గ్రీన్ 9.87, క్రాఫర్డ్ 9.89. నలుగురి మధ్య నాలుగు వందోవంతులు. కన్ను ఆర్పితే నాలుగు జీవితాలు తారుమారయ్యే తేడా. ఆ 9.86 యూరప్ రికార్డు. 2021లో టోక్యోలో ఇటలీకి చెందిన మార్సెల్ జేకబ్స్ దాటేదాకా, పదిహేడేళ్ల పాటు యూరప్‌లో ఎవరూ దాన్ని మించలేకపోయారు. ఫ్రాన్స్‌కి చెందిన జిమ్మీ వికో సమానం చేయగలిగాడంతే. అన్నట్టు ఆ జేకబ్స్ పుట్టింది అమెరికాలోని టెక్సాస్‌లో.

పోర్చుగల్‌కి అంతవరకు అథ్లెటిక్స్ అంటే దూరపు పరుగులు. కార్లోస్ లోపెస్ మారథాన్, రోజా మోటా మారథాన్, ఫెర్నాండా రిబైరో 10,000 మీటర్లు. అలాంటి దేశానికి స్ప్రింట్‌లో ఒలింపిక్ పతకం తెచ్చింది అల్గార్వెలో కూలిపని చేసిన కుర్రాడు. అతనంటే ఆ దేశానికి అంత ఇష్టం కలగడానికి వెండి పతకం ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. అతను పేరు మార్చుకోలేదు. వాళ్ల భాష నేర్చుకున్నాడు. వాళ్ల దేశానికి వలసొచ్చిన మామూలు కూలీ ఏ దారిలో వస్తాడో ఆ దారిలోనే వచ్చాడు, వీఐపీ గేటులోంచి రాలేదు.

2006లో గోథెన్‌బర్గ్‌లో 100, 200 రెండూ గెలిచాడు. యూరోపియన్ పోటీల్లో పురుషుల్లో ఆ జంట 1978లో ఇటలీకి చెందిన పియెత్రో మెన్నియా తర్వాత అప్పటిదాకా ఎవరికీ కుదరలేదు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఓడిపోయాడు. కెమెరాల ముందుకొచ్చి రిటైర్ అవుతున్నానన్నాడు, తనని పోషిస్తున్న పోర్చుగల్ ప్రజలను క్షమించమని అడిగాడు. సెమీఫైనల్లో ఓడినందుకు దేశాన్ని క్షమాపణ అడిగిన స్ప్రింటర్లు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి. ‘పాస్‌పోర్టు కోసం వచ్చినవాడు’ అని అనేవాళ్లకి ఆ ఇంటర్వ్యూ చూపించాలి. ఆ రిటైర్మెంటు కూడా నిలవలేదనుకోండి. 2011లో పారిస్‌లో 32 ఏళ్ల వయసులో యూరోపియన్ ఇండోర్ 60 మీటర్లు 6.53లో గెలిచాడు. రెండో స్థానంలో ఎవరో తెలుసా, అదే డ్వేన్ చేంబర్స్, 6.54. ఈసారి పాట వేదిక మీదే విన్నాడు.

ఇంకో చిన్న లెక్క. 2004 ఏథెన్స్‌లో నైజీరియా 4x100 రిలే జట్టు కాంస్యం గెలిచింది. ఆ జట్టులో 9.86 పరుగెత్తే మనిషి కూడా ఉండి ఉంటే పతకం రంగు మారేదేమో. నైజీరియా పురుషులెవరూ ఒలింపిక్స్ 100 మీటర్లలో ఇప్పటికీ పతకం గెలవలేదు. ఒక్క ఆపరేషన్ బిల్లు దగ్గర పిసినారితనం ఎంత ఖరీదైందో చూడండి.

అయితే అన్ని దేశ మార్పిడులూ ఇలాంటివే అని నేను వాదించను. 2003లో కెన్యాకి చెందిన స్టీఫెన్ చెరోనో ఖతార్‌కి మారి, సైఫ్ సయీద్ షహీన్ అయ్యాడు. మారిన కొద్ది వారాలకే పారిస్ ప్రపంచ పోటీల్లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు దూకుతూ పరుగెత్తే పోటీ) బంగారం గెలిచాడు, అదే రేసులో కెన్యా తరఫున అతని సొంత అన్న ఉన్నాడు. కెన్యా ఒప్పుకోకపోవడంతో 2004 ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయాడు. ఇలాంటివి చూసే మీరు తలుపులు బిగించారు. మార్పిడి అయినవాళ్లలో కూడా ఏకాభిప్రాయం లేదు. పోర్చుగల్‌లోనే నెల్సన్ ఎవోరా, పెద్రో పిచార్డో అనే ఇద్దరు ట్రిపుల్ జంప్ ఒలింపిక్ విజేతలున్నారు. ఒకరు ఐవరీ కోస్ట్‌లో పుట్టి చిన్నప్పుడే పోర్చుగల్ వచ్చినవారు, ఇంకొకరు 2017లో క్యూబా జట్టు వదిలి వచ్చి అదే ఏడాది పౌరసత్వం పొందినవారు. రెండోవారికి అంత తొందరగా పాస్‌పోర్టు ఎలా ఇచ్చారని మొదటివారే బహిరంగంగా తప్పుపట్టారు.

కో గారూ, తొందర పాస్‌పోర్టుల సంగతి మీకు దగ్గరగా తెలుసు. 1984 లాస్ ఏంజెలిస్‌లో మీ బ్రిటన్ జట్టులో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన 18 ఏళ్ల రన్నర్ జోలా బడ్ ఉంది. ఆమెకి పౌరసత్వం కొన్ని వారాల్లోనే ఇచ్చారు. ఇంకొంచెం వెనక్కి వెళితే, 1980లో బ్రిటన్ ప్రభుత్వం మాస్కో వెళ్లొద్దన్నా మీరు వెళ్లారు. బంగారం గెలిస్తే మీ కోసం ఎగిరింది ఒలింపిక్ జెండా, మీ దేశపు జెండా కాదు. ప్రభుత్వం మాటకీ, ఆటగాడి జీవితానికీ మధ్య ఇరుక్కోవడం అంటే ఏమిటో మీ ఆఫీసులో మీకంటే బాగా తెలిసినవారు ఎవరుంటారు?

తెలుగువాడికి ఇదంతా ఎందుకంటారా? మా ఇళ్లలో దేశం మారినవాళ్లు లేని ఇల్లు వెతకాలి. విజయవాడలో పుట్టిన తేజ నిడమానూరు న్యూజిలాండ్ మీదుగా వెళ్లి నెదర్లాండ్స్ క్రికెటర్ అయ్యాడు. 2023 ప్రపంచకప్‌లో బెంగళూరులో భారత్ మీదే అర్ధసెంచరీ కొట్టాడు. మా వాళ్లెవరూ అతన్ని ద్రోహి అనలేదు, మా బెజవాడ కుర్రాడే అని మురిసిపోయారు. మోకాళ్ల సంగతీ మాకు కొత్త కాదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి, 100 మీటర్ల హర్డిల్స్ ఆసియా చాంపియన్, మోకాలి గాయంతో 2025 టోక్యో ప్రపంచ పోటీలకు దూరమైంది. ఆమెకి వెనక ఒక ఫౌండేషన్ ఉంది, కోచ్ ఉన్నాడు. అవేవీ లేని జిల్లా స్థాయి పిల్లలకి అదే గాయమైతే తల్లిదండ్రులు బంగారం తాకట్టు పెట్టాలి, లేదా పరుగు మానిపించాలి. అందుకే ఒబిక్వెలు కథ వింటే మాకు వెంటనే కడుపులో తగులుతుంది.

ఇది పాత కథ అనుకోకండి. నైజీరియా స్ప్రింటర్ ఫేవర్ ఒఫీలిని చూడండి. టోక్యో ఒలింపిక్స్‌కి పోటీలు లేని రోజుల్లో జరగాల్సిన డోప్ పరీక్షలు సరిపడా జరగలేదని పదిమంది నైజీరియా అథ్లెట్లను పక్కనపెట్టారు, అందులో ఆమె ఒకరు. 2024 పారిస్‌లో 100 మీటర్లకి అర్హత సాధించినా, ఆమె పేరే నమోదు చేయలేదు. పరుగెత్తాల్సిన పని ఆమెది, ఫారం నింపాల్సిన పని వాళ్లది. ఆమె పని ఆమె చేసింది. 2025లో ఆమె టర్కీ వైపు వెళ్తోందని వార్తలు రాగానే డబ్బు కోసమే అన్నారు చాలామంది. డబ్బు ఉండే ఉంటుంది. రెండు ఒలింపిక్స్‌లో ఆఫీసు తప్పుకి బలైన పిల్ల మూడోసారి కూడా అదే ఆఫీసుని నమ్మాలని చెప్పడానికి మనమెవరం?

పేద దేశాల బాధ కూడా మీ ముందు పెట్టాలి. పిల్లని స్కూల్లో గుర్తించి, చెప్పుల్లేని కాళ్లకి స్పైకులు కొనిపెట్టిన పీఈటీ మాస్టారు ఒనిట్షాలోనో, నైరోబీలోనో ఉంటాడు. పతకం దోహాకో, ఇస్తాంబుల్‌కో పోతే ఆయనకి దక్కేదేమీ లేదు. ఫుట్‌బాల్‌లో ఆటగాడు క్లబ్బు మారితే చిన్నప్పుడు తీర్చిదిద్దిన క్లబ్బులకి వాటా వెళ్లే పద్ధతి ఉంది. ట్రాక్ మీద కూడా అలాంటిది తేవచ్చు. కాకపోతే డబ్బు సమాఖ్య ఖాతాలో వేస్తే ఆ మాస్టారి దాకా చేరదు, నేరుగా ఆ స్కూలుకో క్లబ్బుకో పోవాలి.

నా విన్నపం ఇది. దేశ మార్పిడి దరఖాస్తు వచ్చిన వెంటనే పాత దేశపు సమాఖ్యకి ఒక ఫారం పంపండి. గత నాలుగేళ్లలో ఈ అథ్లెట్‌కి ఏ గాయాలయ్యాయి, వైద్యం ఖర్చు ఎవరు పెట్టారు, రసీదులు జతచేయండి. ఏయే పోటీలకు అర్హత సాధించారు, ఏవి నమోదు చేయలేదు, ఎందుకు? ప్రైజ్ మనీ ఎంత రావాలి, ఎంత ఇచ్చారు? డోప్ పరీక్షలు ఏ తేదీల్లో చేయించారు? 60 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా తప్పు వాళ్లదేనని తేలితే, ఆ అథ్లెట్‌కి మూడేళ్ల నిరీక్షణ తగ్గించండి. తప్పేమీ లేదని, కొత్త దేశం కేవలం పతకం కొంటోందని తేలితే మూడేళ్లు కాదు, ఐదేళ్లు ఆపండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ జవాబులు మీ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టండి. లాగోస్‌లో ఉన్న అభిమాని కూడా తన పన్ను డబ్బు ఏ మోకాలికి ఖర్చయిందో చూసుకుంటాడు.

ఫారంలో మొదటి గడి గాయాలదే ఉండాలి.

ఇట్లు,
తెలుగు నేల నుంచి ఒక అథ్లెటిక్స్ అభిమాని